సచ్చే నాటకపాయన

పోయిన సోమవారం ఎల్లారెడ్డి బడిలో హాజరు పిలుస్తున్నాను. ఒక పిల్లవాడి తండ్రి వచ్చి కిటికీ అవతల నిలబడ్డాడు. ముందురోజు కామారెడ్డిలో బెల్లం దించి వచ్చిన మనిషి. ఏదో చెప్పడానికే వచ్చాడని ముఖం చూస్తే తెలుస్తోంది.

"సార్, మీకు ఎర్కయిందా? సచ్చే నాటకపాయన సచ్చిపోయిండు."

నేను హాజరు పుస్తకం మూశాను.

"ఈసారి నిజంగనే," అని నవ్వాడు. నవ్వు సగంలో ఆపుకొని, తలకు చుట్టుకున్న రుమాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. "తప్పయింది సార్. మనిషి మంచోడే. గని ఆయన మాట తీస్తే నవ్వే వస్తది. ఏం చేయాలె?"

ఏం చేయాలో నాకూ తెలియదు. ఈ రెండు తాలూకాల్లో ఆయన మాట తీస్తే నవ్వు రావడం నాతోనే మొదలైంది.

ఆయన కామారెడ్డి స్టేషను నుంచి బెల్లం మండికి పోయే తోవలో బట్టలు కుట్టేవాడు. ఒక మిషను, ఒక బల్ల, గోడకు మూల విరిగిన అద్దం. దుకాణంలోకి ఎవరు వచ్చినా ముందు భుజాలు చూసేవాడు, తరువాత ముఖం. నల్ల టోపీ అంచుకు ఎప్పుడూ మూడు సూదులుండేవి, మూడింటికీ మూడు రంగుల దారం. టేపు మెడలో వేసుకునేవాడు గాని జేనతోనే కొలిచేవాడు. కొలత రాసుకునేవాడు కాదు. రెండేళ్ళ తరువాత వెళ్ళినా ఒకసారి చూసి, "కడుపు రెండు వేళ్ళు పెరిగింది," అనేవాడు. పెరిగే ఉండేది.

ఆయన నోట ఎక్కువగా వచ్చే మాట "నేను చూసిన" అన్నది. అది గొప్పకు అనేది కాదు. చూసినదాన్ని చూశాననేవాడు, చూడనిదాన్ని చూడలేదనేవాడు. ఒకసారి దుకాణం ముందు నలుగురు కాశీలో గంగ వెడల్పు గురించి వాదించుకుంటూ ఆయన్ను అడిగారు. "చూడలె," అని మిషను తొక్కుకుంటూ కూర్చున్నాడు. రాజంపేట వాగు సంగతి వచ్చినప్పుడు మాత్రం మిషను ఆపి, వీధిలోకి దిగి, ఇక్కడి నుంచి అక్కడి దాకా అని నడిచి చూపించాడు.

ఆయన చూసినవాటిలో అన్నిటికంటే పెద్దది ఒక నటుడి చావు.

ఆ నటుడి పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ రోజుల్లో తెలుగు వచ్చిన ప్రతివాడికీ తెలిసిన పేరే. కృష్ణా తీరం నుంచి కంపెనీతో రైల్లో వచ్చేవాడు. బెల్లం సేట్ల ఇళ్ళలో ఆయన పద్యాల గ్రామఫోను ప్లేట్లు ఉండేవి. ఆ కంపెనీ కామారెడ్డిలో పదకొండు రోజులు ఆడినప్పుడు చినిగిన దుస్తులు కుట్టే పని మా దర్జీకి దొరికింది. చివరి రోజుల్లో ఆ మహానటుడికి జ్వరం తగిలింది. స్టేషను పక్క బాటసారుల ముసాఫిర్‌ఖానాలో ప్రాణం పోయింది. అప్పుడు మా దర్జీ పక్కనే ఉన్నాడు.

తరువాత కొన్నేళ్ళకు ఆయన ఒక నాటకం రాశాడు. ఆ నటుడి జీవితమే నాటకం. అప్పటిదాకా మేం చూసినవి దేవుళ్ళ నాటకాలు, రాజుల నాటకాలు. రైలెక్కి, టికెట్టు పోగొట్టుకొని, మలేరియా తెచ్చుకున్న మనిషి మీద నాటకమేమిటని ఊళ్ళో విడ్డూరంగా చెప్పుకున్నారు. దానికి ఆయన పెట్టిన పేరు సంస్కృత సమాసం, చాలా పొడుగు. ఎవరూ పూర్తిగా పలకలేదు.

మొదటి ప్రదర్శన బెల్లం లేని కాలంలో ఒక గోదాములో జరిగింది. పెట్రోమాక్స్ దీపాలు తెస్తే మనుషుల ముఖాలు తెల్లగా పాలిపోయి కనబడతాయని ఆయన పట్టపగలే ఆడించాడు. రెండు వైపులా తలుపులు తెరిచారు. పగటి వెలుతురులో ముఖాలకు పూసిన రంగంతా గోడకు వేసిన సున్నంలా కనబడింది. పాత బెల్లం జిగురుకు మా ధోవతులు నేలకు అంటుకున్నాయి. చీమలు కుడుతుంటే గోక్కుంటూ చూశాం.

నటుడి పుట్టుక నుంచి చావు దాకా అన్ని వయసుల్లోనూ ఆయనే వేషం కట్టాడు. నలభై దాటిన మనిషి మెడ దాకా దుప్పటి కప్పుకొని ఉయ్యాలలో పడుకొని ఏడ్చాడు. ఉయ్యాల తాడు తెగకుండా ఇద్దరు కింద చేతులు పెట్టి పట్టుకున్నారు. రైలు సన్నివేశంలో ఆరుగురు ఒకరి నడుము ఒకరు పట్టుకొని వేదిక మీద పరుగెత్తారు. అందరికంటే ముందున్నవాడి నోట్లో నాలుగు బీడీలు వెలుగుతున్నాయి. ఇంజను పొగ అన్నమాట. ఆ బీడీలు ఇంట్లో దర్జీ భార్య చుట్టినవే. కోటుకు గొంతు నుంచి మోకాలి దాకా పదకొండు బొత్తాలు కుట్టుకున్నాడు. అన్నీ పెట్టుకునేదాకా మేం ఎదురుచూడవలసి వచ్చింది.

గొంతు సన్నం. పద్యం ఎత్తుకుంటే ముక్కులోంచి వచ్చేది.

చివరి సన్నివేశంలో నటుడు మంచం మీద ఉన్నాడు. అద్దం అడిగి తీసుకున్నాడు. ఒక చెంపకు రంగు పూసుకున్నాడు. తన పేరుమోసిన పద్యం మొదటి నుంచి చివరి దాకా పాడి, వెనక్కు వాలి చనిపోయాడు. గోదాములో చప్పుడు లేదు. అది ఏ రకం నిశ్శబ్దమో ఇప్పుడు చెప్పలేను. బహుశా కొందరికి ఏడుపు వచ్చి ఉండవచ్చు.

నేను అప్పుడు ఊళ్ళోని పఠనమందిరం చూసుకునేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు. పుస్తకాలు చదివినవాణ్ణని నాకు గట్టిగా తెలుసు. వెనక వరుసలో ఇద్దరు స్నేహితుల నడుమ కూర్చొని, ఆ చప్పుడు లేని చోట, నోటి పక్క చెయ్యి పెట్టి "వన్స్ మోర్" అని అరిచాను.

పద్యం నచ్చితే అలా అరవడం, నటుడు మళ్ళీ పాడడం నాటకాల్లో ఉన్నదే. కాని చచ్చినవాణ్ణి మళ్ళీ పాడమని అరిచింది ఎగతాళికి. స్నేహితులు ముఖాలు మోకాళ్ళలో దాచుకున్నారు. మంచం మీద ఆయన ఒక కన్ను తెరిచాడు. అరుపు వచ్చిన దిక్కు చూశాడు. పడుకొనే చేతులు జోడించాడు. లేచి కూర్చున్నాడు, దగ్గాడు, అద్దం తీసుకున్నాడు, రెండోసారి పాడి రెండోసారి చనిపోయాడు. అప్పటికి గోదాము మొత్తం అందుకుంది. మూడోసారి కూడా చనిపోయాడు.

ఆ వారమే హైదరాబాదు నుంచి వచ్చే ఒక వారపత్రికకు మారుపేరుతో సమీక్ష రాసి పంపాను. మనిషి మూడుసార్లు చచ్చినా నాటకం ఒక్కసారి కూడా బతకలేదని రాశాను. ఆ వాక్యం దొరికినందుకు ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. చావబోయేవాడు ముఖానికి రంగు పూసుకుంటాడా అని రాశాను. పదకొండు బొత్తాల కోటు ఏ లోకంలో ఉందని అడిగాను. పత్రిక వచ్చిన నాడు పఠనమందిరంలో పైకి చదివి వినిపించారు. రాసింది నేనని ఎవరికీ తెలియదు.

ఆ సమీక్షతో నాటకం పోవాలి. జరిగింది మరొకటి. చదివినవాళ్ళు చదవనివాళ్ళకు చెప్పారు. అంత అధ్వాన్నమా అని చూడడానికి వచ్చారు. రెండోసారి వచ్చినప్పుడు పక్కింటివాళ్ళను వెంట తెచ్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి జనానికి నాటకం మొత్తం కంఠతా వచ్చింది. ఉయ్యాల రాగానే ఆడవాళ్ళు జోల పాడేవారు. రైలు రాగానే మగవాళ్ళు తమ బీడీలు వెలిగించి పొగ వదిలేవారు. బొత్తాలు పెట్టుకుంటుంటే అందరూ కలిసి ఒకటి, రెండు అని లెక్కపెట్టేవారు. చివరికి మంచం దగ్గరికి వచ్చేసరికి వన్స్ మోర్. ఊరు పెట్టిన పేరు సచ్చే నాటకం. బిచ్కుందలో తెలుగు సరిగా రాని మరాఠీవాళ్ళు కూడా బండ్లు కట్టుకొని వచ్చి నవ్వారట.

దుకాణం గోడకు ఆయన నా సమీక్షను కత్తిరించి సూదితో గుచ్చి పెట్టుకున్నాడు. ఎవరైనా అడిగితే, "పేపర్ల పడ్డది," అనేవాడు. పాపం, అర్థం కాలేదని అనుకున్నాను. ఆ పాపం అనుకోవడంలో కూడా నాకు కొంత సుఖం ఉండింది.

తరువాత నాకు ఎల్లారెడ్డి బడిలో ఉద్యోగం వచ్చింది. యుద్ధం మొదలైన ఏడాది, ఒక మధ్యాహ్నం ఆయన మా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. నా భుజాలు చూశాడు, ముఖం చూశాడు. మంచినీళ్ళు తాగాడు.

"వచ్చే అంగడి నాడు ఈడ ఆడుతున్న తమ్మీ."

"విన్నాను అన్నా."

"ఆమె వస్తున్నది. ఆయన ఇంటామె."

ఆ మహానటుడి భార్య. మేనల్లుడు నిజాంసాగర్ కాలువల మీద ఓవర్సీరుగా ఉన్నాడట. చూడవచ్చిన మేనత్తకు, మీ ఆయన మీద ఇక్కడ ఒక నాటకం ఆడతారని చెప్పాడట. ఎలాంటి నాటకమో అతనికీ తెలియదు.

"ఆమె ముంగట ఆ మాట పడొద్దు," అన్నాడు.

"ఏ మాట?" తెలిసే అడిగాను.

"నువ్వు మొదలు పెట్టింది."

నేను తల దించుకున్నాను. "ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"అరిచిన్నాడే. సచ్చి పండుకున్నోనికి చెవులు మంచిగ పనిచేస్తయి." నవ్వాడు. "పేపర్ల రాసింది గూడ నువ్వే. అది అచ్చు గాకముందే సదివిన. చినిగిన అంగి కుట్టుమని ఇచ్చినవు, యాదికున్నదా? జేబుల కాయితం ఉండె. సదివి, మల్ల అండ్లనే పెట్టిన."

"మరి నన్ను ఏమీ అనలేదేం?"

"ఏమంట? అంగి కుట్టుమన్నవు, కుట్టిన."

ఆ సమీక్షకు జాగ్రత్తగా ఎన్ని చిత్తుప్రతులు రాశానో, ఏ చిత్తు ఆ జేబులో ఉండిపోయిందో ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆయన టోపీ తీసి, ఒక సూది దారం సర్ది, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నీకొకటి చెప్పాలె తమ్మీ. ఎవ్వలికి చెప్పలె. ఆ దినం ముసాఫిర్‌ఖానల నేనొక్కన్నే ఉన్న. కంపెనోళ్ళు సామాను రైలుకు ఎక్కియ్య పోయిండ్రు. డాక్టరు సాయంత్రం వస్తనన్నడు. ఆయన అద్దమడిగితే ఇచ్చిన. ఒక్క చెంపకే రంగు పూసుకున్నడు, రెండో దిక్కు చెయ్యి లేవలె. పద్యం పాడిండు. నువ్వు నా గొంతు విన్నవు గని ఆయనది వినలె. జ్వరంల గూడ ఆ అర్ర సరిపోలె ఆ గొంతుకు. పాడి నా దిక్కు చూసిండు. ఏమన్న అంటనేమో అని చూసిండు. నాకేం తోచలె. వన్స్ మోర్ అన్న."

వీధిలో ఎవరో బర్రెలను తోలుకొని పోతున్నారు. అవి దాటేదాకా ఆగాడు.

"సంబురపడ్డడు. మల్ల ఎత్తుకున్నడు. సగంల ఆగిపోయింది. నేనడగకుంటే డాక్టరు వచ్చేదాక ఉంటుండెనేమో. నాకు తెల్వదు. నాటకంల ఆ మంచం కాడ అన్ని నేను చూసినయే పెట్టిన. నేను చేసింది ఒక్కటి ఇడిసిపెట్టిన. సిగ్గయింది. మొదటి దినమే నువ్వు ఎనుక నుంచి అరిచినవు. ఎవలో నా మెడ పట్టుకున్నట్టే అయింది."

"అందుకే లేచావా?"

"లేవక? ఆయన లేచిండు గద."

తరువాత తన పని చెప్పాడు. నాటకం అయినంక ఆమె కాళ్ళు పట్టుకొని ఆ సంగతి తానే చెప్పుకోవాలి. ఆమె తిట్టినా సరే, కొట్టినా సరే. కాని అంతకుముందే జనం నవ్వుకుంటూ ఆ మాట అరిస్తే, భర్త చావును ఈ దర్జీ నవ్వులాటకు పెట్టాడని అనుకుంటుంది. ఆ తరువాత ఏం చెప్పినా వినదు.

"నాటకం మొదలుగాకముందు నువ్వు లేచి ఒక్క మాట చెప్పు. ఇయ్యాల ఒక్కనాడు అరవకుండ్రి అని. నేను చెప్తే నాటకంల మాటనే అనుకొని నవ్వుతరు. నువ్వు చెప్తే ఇంటరు. సగం మంది నీ బడిపిల్లల అవ్వ బాపులే."

"చెప్తాను అన్నా," అన్నాను.

మాట ఇస్తున్నప్పుడు నిజంగానే ఇచ్చాను. దీన్ని మాత్రం చెప్పుకోవాలి.

వారపు అంగడి నాడు మైదానంలో గుడారం వేశారు. ఆమె తెల్లటి నూలు చీరలో, మేనల్లుడితో ఎద్దుల బండి దిగి వచ్చింది. బడి నుంచి కుర్చీ నేనే మోసుకొచ్చి ముందు వేశాను. దర్జీ కోటు తొడుక్కొని ఎదురుగా వచ్చి నమస్కారం పెట్టి నిలబడ్డాడు. ఆమె కోటు అంచు వేళ్ళతో పట్టుకొని పైనుంచి కింది దాకా చూసింది.

"బొత్తాలు పదకొండూ పెట్టారే," అంది. "నేనే కుట్టేదాన్నండీ. ఒక్కటి ఊడితే ఇల్లు పీకి పందిరి వేసేవారు."

ఆయన నా వైపు చూడలేదు. చూడవలసింది. ఆ కోటు మీద నేను రాసిన వాక్యం మా ఇద్దరికీ కంఠతా వచ్చు.

అప్పుడే లేచి చెప్పాలి. జనం ఇంకా సర్దుకుంటున్నారు, అందరూ కూర్చోనీ అనుకున్నాను. కూర్చున్నారు. ఈలోగా పోలీసు అమీను సాబ్ వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నాడు. నాటకం ఆడుకోవడానికి ఇజాజత్ ఇచ్చింది ఆయనే, ఈ నాటకమంటే ప్రాణం.

"ఏం మాస్టర్ సాబ్," అని నా తొడ మీద చరిచాడు. "ఇయ్యాల ఎన్నిసార్లు సస్తడంటవ్?"

నేను నవ్వాను.

అంతే. నవ్వినవాణ్ణి లేచి నిలబడి నవ్వొద్దని ఎలా చెప్పను? చావు సన్నివేశానికి ముందు చెబుదామనుకున్నాను. ఉయ్యాల వచ్చింది, ఆమె కూడా నవ్వింది, మంచి నవ్వే. రైలు వచ్చింది. బొత్తాలు లెక్కపెట్టారు. మంచం తెచ్చి వేశారు. నా కాళ్ళు తిమ్మిరెక్కాయని నాకు నేను చెప్పుకున్నాను.

ఆయన ఆ రోజు మామూలు కంటే మెల్లగా పాడాడు. వెనక్కు వాలాడు. వెంటనే వన్స్ మోర్. అమీను సాబ్ అందరికంటే ముందు. నేలంతా అదిరింది. ఆయన లేవలేదు. ఇంకా అరిచారు. లేవలేదు. అప్పుడు ఒక కన్ను తెరిచి నా వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూస్తున్నాను.

లేచాడు.

రెండోసారికి ఆమె వెనక్కి తిరిగి జనం ముఖాలు చూసింది. మూడోసారికి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లేచింది. మేనల్లుడు గొడుగు తెరిచాడు. ఆయన మంచం మీద చచ్చి పడుకొని ఉన్నాడు గనుక వాళ్ళు పోవడం చూడలేదు. నాలుగోసారి లేచి కూర్చున్నప్పుడు ముందున్న కుర్చీ ఖాళీగా ఉంది. ఈసారి గొంతు రాలేదు. పెదవులు మాత్రం పద్యం చివరి దాకా కదిలాయి. అన్నిసార్లలో అదే బాగుందని ఎల్లారెడ్డిలో ఇప్పటికీ అంటారు.

పడుకోకుండానే వేదిక దూకి నిజాంసాగర్ తోవ పట్టి పరుగెత్తాడు, కోటుతో, రంగుతో. అది నాటకంలో కొత్తగా కలిపిన భాగమనుకొని చప్పట్లు కొట్టారు.

నేను గుడారం విప్పేదాకా ఉండి కుర్చీ ఎత్తుకున్నాను. ఎదురుగా ఆయన వస్తున్నాడు. చెమటకు రంగు మెడ దాకా కారి కోటు కాలరు ఎర్రబడింది. ఒక మాట అనకుండా కుర్చీకి రెండో వైపు పట్టుకున్నాడు. బరువైన కుర్చీ ఏమీ కాదు. ఇద్దరం బడి దాకా మోసుకొచ్చాం. తలుపు దగ్గర దించాక, "బండి దొరకలె తమ్మీ," అన్నాడు. కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాను. ముఖం కడుక్కున్నాడు.

ఆమెకు నేనే ఉత్తరం రాయవచ్చని అనుకున్నాను. ఓవర్సీరు చిరునామా తెలుసుకోవడం పెద్ద పని కాదు. రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ మొదటి పేజీలోనే అది ఆయన సంగతి పోయి నా సంగతి అయింది. చించేశాను. ఆ ఎండాకాలమే ఆమె తన ఊళ్ళో పోయిందని ఓవర్సీరు ద్వారా తెలిసింది. ఆ కబురు ఆయనకు నేనే చెప్పాను. "నేను పోయి చెప్పుకోవలసుండె," అన్నాడు. నా తప్పు అందులో ఏమీ లేనట్టు.

నాటకం మానలేదు. అడిగిన ప్రతి ఊళ్ళోనూ ఆడాడు, అడిగినన్నిసార్లు చచ్చాడు. ఒకసారి నాకు చొక్కా కుడుతూ జేన భుజం మీద పెట్టి ఆగాడు. "భుజాలు దించి నడుస్తున్నవు. పాత కొలత పనికిరాదు," అని మొదటిసారి టేపు తీశాడు. నా గురించి ఆయన అన్న కఠినమైన మాట అదొక్కటే. అది కూడా కొలతే.

నిన్న దినాలకు కామారెడ్డి వెళ్ళాను. ఇంటి ముందు పందిరి వేశారు. లింగంపేట, రాజంపేట, బిచ్కుంద, ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చారు. దర్జీ దినాలకు అంతమంది రారు. వరుసల్లో కూర్చొని నాటకం చెప్పుకుంటున్నారు. ఒకాయన ఉయ్యాల ఏడుపు ఏడ్చి చూపించాడు. ఇంజను వేషం వేసినాయన ఇప్పుడు ముసలివాడు, నాలుగు బీడీలు నోట్లో పెట్టుకోబోతే కొడుకు లాక్కున్నాడు. దర్జీ భార్య గుమ్మంలో గోడకు ఆనుకొని కూర్చొని వింటోంది. ముఖంలో ఏమీ తెలియలేదు.

ఎవరో నన్ను చూసి, "సదువుకున్న సారు వచ్చిండు. ఆయన గురించి ఒక మాట చెప్పుండ్రి సార్," అన్నారు.

ఇన్నేళ్ళు కూర్చున్న చోటి నుంచి లేవనివాణ్ణి లేచి నిలబడ్డాను. రెండు సంగతులు చెప్పాలని తోవ పొడుగునా అనుకొని వచ్చాను.

"మొదటి నాడు గోదాములో వన్స్ మోర్ అని అరిచింది నేను," అన్నాను. "ఎగతాళికి అరిచాను."

పందిరి మొత్తం నవ్వింది.

"ఏందీ, మీరేనా సార్? ఇన్నేండ్లు దాచిపెట్టిండ్రు."

"ఎవలు మొదలువెట్టిండ్రు, ఎవలు మొదలువెట్టిండ్రు అని మేం కొట్లాడుకుంటుంటిమి. మా బావ తనే అన్నడు, అబద్ధాలకోరు."

"మీరు అరవకుంటే ఒక్క దినంతోని ఖతమయితుండె నాటకం. ఆయనకు పేరు తెచ్చింది మీరే సార్."

"కాదు, వినండి," అన్నాను. ఎల్లారెడ్డి సంగతి ఇంకా చెప్పవలసి ఉంది. కాని ఇంజను ముసలాయన అప్పటికే నా చెయ్యి రెండు చేతులతో పట్టుకొని ఊపుతున్నాడు. నేను గుమ్మం వైపు చూశాను. ఒక్క ఆమె అయినా నన్ను తిడుతుందని ఆశపడ్డాను.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఎప్పుడు చెప్పలే ఆయన," అంది. "నిలబెట్టిండ్రేందిరా సారును. నడుమ జాగియ్యుండ్రి."

అందరూ జరిగి నాకు నడుమ చోటిచ్చారు. విస్తరి వేశారు. కూర్చున్నాను. తిన్నాను కూడా.